బోరు ఎన్నించులు పోస్తంది?

హైదరాబాద్‌లో ఇద్దరు టెకీలు కలిస్తే ప్యాకేజీ ఎంత అని అడగడానికి కాస్త మొహమాటపడతారు. యాదగిరిగుట్ట చుట్టుపక్కల ఊళ్లల్లో ఇద్దరు రైతులు కలిస్తే ఏ మొహమాటమూ లేకుండా అడిగే మాట ఒకటుంది: "మీ బోరు ఎన్నించులు పోస్తంది?" పైపు నోట్లోంచి పడే ధార మందమే ఈ ఇంచుల లెక్క. రెండించులంటే అదృష్టవంతులు. ఒకటిన్నర అంటే నెట్టుకు రావచ్చు. "ఆగి ఆగి పోస్తంది" అన్నారంటే మాత్రం ఆ ముచ్చట అక్కడే ఆపేసి పిల్లల చదువుల గురించి అడగాలి. అది మర్యాద.

మాది గుట్టకు దగ్గర్లోనే ఉన్న ఊరు. వారమంతా మాదాపూర్‌లో కోడ్ రాస్తాను, శనివారం బైకెక్కి ఊరికి పోతాను. మా దగ్గర పొలానికి పోతున్నామని ఎవరూ అనరు, "బాయికాడికి పోతున్నం" అంటారు. బావి ఎండి ఇరవై ఏళ్లైనా ఆ మాట మాత్రం ఎండలేదు.

2022 మార్చిలో గుడి మళ్లీ తెరుచుకున్నాక గుట్టకొచ్చే జనం బాగా పెరిగారు. మీరూ వచ్చే ఉంటారు. ఈసారి వచ్చినప్పుడు కొండ మీద నుంచి ఒక్కసారి కిందికి చూడండి. ఎండాకాలమైతే నేలంతా గోధుమరంగులో ఉండి, మధ్యమధ్యలో పచ్చటి ముక్కలు కనిపిస్తాయి. ఆ ఒక్కో పచ్చ ముక్క కింద ఒక బోరు ఉంటుంది. ఆ ముక్క ఎంత పెద్దదన్నది ఆ బోరు ఎన్నించులు పోస్తుందన్న దాన్ని బట్టే ఉంటుంది.

మా వైపు ఏడాదంతా పారే మంచి నది లేదు. దక్షిణాన మూసీ ఉంది కానీ అది హైదరాబాద్ మురుగును మోసుకొస్తుంది. ఆలేరు వాగు, బిక్కేరు వాగు వానలప్పుడే పారుతాయి. కాళేశ్వరంలో భాగంగా బస్వాపూర్ దగ్గర 11.39 టీఎంసీల జలాశయం తలపెట్టారు. కాలువ నీళ్లు ఎప్పుడొచ్చినా పండగే. కానీ పంటకు నీళ్లు ఈ వారమే కావాలి. ఆ ఈ వారం నీళ్ల కోసం మా రైతులు పడే తిప్పల గురించే ఈ కథనం.

రాయి కింద లాటరీ

ముందు మా నేల సంగతి చెప్పాలి. ఇది గ్రానైటు రాయి. పైన కొంత మట్టి, దాని కింద మెత్తబడ్డ రాయి, ఆ కింద పగుళ్లున్న రాయి, ఇంకా కిందికి పోతే నిఖార్సైన బండ. నీళ్లుండేది పై రెండు మూడు పొరల సందుల్లోనే. భూమి లోపల నదులు పారుతుంటాయని సినిమాల్లో చెబుతారు కదా, మా దగ్గర అలాంటివేం లేవు. నానిన ఇటుకలో ఎంత నీరుంటుందో అంత కూడా ఉండదు. మెత్తబడ్డ గ్రానైటులో వాడుకోగలిగే నీళ్లు నూటికి రెండు మూడు పాళ్లే.

హైదరాబాద్‌లోని ఎన్‌జీఆర్‌ఐ, ఫ్రాన్స్‌కు చెందిన బీఆర్‌జీఎం శాస్త్రవేత్తలు కలిసి మహేశ్వరం దగ్గర ఇలాంటి గ్రానైటు నేలలోనే ఏళ్లపాటు పరిశోధన చేశారు. నీళ్లిచ్చే పగుళ్లలో ఎక్కువ భాగం పై 30–40 మీటర్లలోనే ఉన్నాయని తేల్చారు. అంటే సుమారు 130 అడుగుల లోపలే. మా ఊళ్లో ఇప్పుడు బోర్లు 500, 600 అడుగులు దాటి పోతున్నాయి.

ఎందుకు పోతున్నాయంటే, పక్కోడు పోయాడు కాబట్టి. పాయింట్ చూసే ఆయన అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా తిరుగుతాడు. కాయ లేచి నిలబడ్డ చోట సున్నం గీత. రాత్రికి రిగ్గు లారీ దిగుతుంది. ఆ లారీల్లో చాలావాటి మీద తమిళనాడులోని తిరుచెంగోడు పేరుంటుంది, బోరు రిగ్గులకు ఆ ఊరు దేశమంతటికీ రాజధాని లాంటిది. 2002లోనే వాల్టా చట్టం వచ్చింది, బోరు వేయాలంటే అనుమతి కావాలి. రిగ్గులు రాత్రుళ్లే ఎందుకొస్తాయో ఇక నేను చెప్పక్కర్లేదు.

మా ఇంట్లో నాలుగు బోర్లు వేశారు. రెండింట్లో తెల్ల దుమ్ము లేచింది. ఒకటి మూడేళ్లు పోసి ఆగిపోయింది. నాలుగోదే ఇప్పుడు మా అన్నం. ఈ మాట మా ఊళ్లో ఎవరినడిగినా కొంచెం అటూ ఇటూగా ఇలాగే చెబుతారు. పాత నల్గొండ జిల్లాలోని ముసంపల్లి గురించి 2004లో జర్నలిస్టు పి. సాయినాథ్ 'ది హిందూ'లో రాశారు: ఆ ఊళ్లో మనుషుల కంటే బోర్లే ఎక్కువ అని. బోరు ఫెయిలైతే పోయేది నీళ్లొక్కటే అయితే ఫర్వాలేదు. రిగ్గు డబ్బులు, కేసింగ్ డబ్బులు అప్పటికే మిత్తికి తెచ్చి ఉంటారు. పంట రాకముందే అప్పు మొదలైపోతుంది.

ఆటోస్టార్టర్ అనే ఇన్ఫినిట్ లూప్

2004 నుంచి వ్యవసాయానికి ఉచిత కరెంటు. కానీ చాలా ఏళ్లు అది రోజుకు ఏడు గంటలు, తొమ్మిది గంటలు, అదీ సగం రాత్రిపూట. అర్ధరాత్రి చీకట్లో మోటరు వేయడానికి పోయి పాము కాటుకో, కరెంటు షాకుకో పోయినవాళ్లు ప్రతి మండలంలోనూ ఉన్నారు. దానికి రైతులు కనిపెట్టుకున్న పరిష్కారం ఆటోస్టార్టర్. కరెంటు రాగానే మోటరు దానంతటదే ఆన్ అయ్యే చిన్న డబ్బా.

మా భాషలో చెప్పాలంటే దాని కోడ్ ఒక్క లైనే: కరెంటుంటే మోటర్ ఆన్. ఎల్స్ అన్నదే లేదు. పొలం నిండిందా, వాన పడుతోందా, బోరులో నీళ్లున్నాయా, ఇవేవీ అది అడగదు. పైగా ఊళ్లోని మోటర్లన్నీ ఒకే సెకనులో మొదలవడంతో ఆ దెబ్బకు ట్రాన్స్‌ఫార్మర్లు కాలిపోయేవి. అలాగని ఆ డబ్బాను కొన్నవాళ్లను ఎగతాళి చేయడం నాకిష్టం లేదు. నిద్రపోవడానికి, ప్రాణంతో ఉండటానికి కొన్నారు దాన్ని.

2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైంది. ఆటోస్టార్టర్లు పీకేయండని ప్రభుత్వమే చెప్పింది. కొన్ని ఊళ్ల రైతులైతే 24 గంటలు వద్దు, తొమ్మిది గంటలు చాలన్నారు. బయటివాళ్లకు వింతగా అనిపించింది కానీ వాళ్ల భయం సరైనదే: పక్కోడి మోటరు రాత్రంతా నడిస్తే తెల్లారేసరికి నా బోరు ఖాళీ. నా మటుకు 24 గంటల కరెంటు రెండు వైపులా పదునున్న కత్తి. ఎప్పుడంటే అప్పుడు నీళ్లు పెట్టుకోవచ్చన్న ధైర్యం ఉన్నప్పుడే మనిషి తక్కువ పెట్టడానికి ఒప్పుకుంటాడు. అదే ధైర్యం ఎక్కువ తోడటానికీ పనికొస్తుంది.

ఇప్పుడు మా దగ్గర చాలామంది సెల్‌ఫోన్ స్టార్టర్లు పెట్టుకున్నారు. బెంగళూరు నుంచి వచ్చిన 'కిసాన్ రాజా', పుణె నుంచి వచ్చిన 'నానో గణేశ్' లాంటివి. ఫోన్ చేస్తే మోటరు ఆన్, మళ్లీ చేస్తే ఆఫ్. నీళ్లందక మోటరు ఉత్తగా తిరిగితే దానంతటదే ఆగిపోతుంది. ఆ ఒక్క ఫీచరు వల్లే ఎన్ని మోటర్లు కాలిపోకుండా మిగిలాయో.

డ్రమ్ము, స్టాప్‌వాచ్

ఇంచులతో నాకు ఒక పట్టాన లెక్క కుదర్లేదు. అందుకే 200 లీటర్ల డ్రమ్ము ఒకటి పైపు కింద పెట్టి ఫోన్లో స్టాప్‌వాచ్ నొక్కాను. 2 నిమిషాల 40 సెకన్లకు నిండింది. అంటే గంటకు 4,500 లీటర్లు. రోజుకు ఎనిమిది గంటలు నడిపితే 36,000 లీటర్లు. ఇది నవంబరు లెక్క. మార్చి వచ్చేసరికి మా బోరు ముప్పావుగంట పోసి గంట ఆగేది.

ఇక్కడ మీరు గుర్తుంచుకోవాల్సిన అంకె ఒక్కటే: ఒక ఎకరం మీద ఒక మిల్లీమీటరు నీళ్లు నిలబెడితే సుమారు 4,000 లీటర్లు. వరి పంట మొత్తానికి దాదాపు 1,200 మిల్లీమీటర్లు కావాలంటారు, అంటే ఎకరాకు 48 లక్షల లీటర్లు. మరి భూమిలోకి ఏడాదిలో ఎంత ఇంకుతోంది? మా దగ్గర ఏడొందల మిల్లీమీటర్ల పైచిలుకు వాన పడుతుంది. గ్రానైటు నేలల్లో అందులో 11 శాతం దాకా ఇంకుతుందని అధికారిక లెక్కల్లో తీసుకుంటారు. అంటే 77 మిల్లీమీటర్లు, ఎకరాకు మూడు లక్షల లీటర్ల చిల్లర.

ఒక ఎకరం యాసంగి వరి తాగే నీళ్లు పదిహేను ఎకరాల్లో ఇంకిన వానకు సమానం. పొలంలో పెట్టిన నీళ్లలో సగం తిరిగి భూమిలోకే పోయిందనుకున్నా ఎనిమిది ఎకరాలు. మా చేను నాలుగెకరాలు.

ఈ లెక్క బాపుకు చెబితే ఆయన ఆశ్చర్యపోలేదు. "గందుకే గదరా కాకోళ్ల బోరు ఆన్ జేస్తే మనది సన్నగైతది" అన్నాడు. నేను స్ప్రెడ్‌షీట్‌లో పట్టుకున్నదాన్ని ఆయన ధార చూసి ఎప్పుడో పట్టుకున్నాడు.

మరి తెలిసీ ఎందుకు వరి వేస్తున్నారని సిటీలో ఫ్రెండ్స్ అడుగుతారు. పల్లి వేస్తే పందులు తవ్వుతాయి. మక్క వేస్తే కోతులు. టమాట వేస్తే, కోతుల నుంచి మిగిలినదాన్ని మార్కెట్ తింటుంది. వరికి నాటు దాటితే కూలీల బాధ తక్కువ, కోతకు మిషన్ వస్తుంది, ఊళ్లోనే ఐకేపీ సెంటర్లో మద్దతు ధరకు కాంటా పెడతారు. ఇన్ని సౌకర్యాలు ఒక్క వరికే ఇచ్చి, నీళ్లు ఎక్కువ తాగుతోందని రైతునే తప్పుపట్టడం నాకు న్యాయంగా అనిపించదు.

ఎండిన బావి మళ్లీ పనిలోకి

మా ఊళ్లో నేను చూసినవాటిలో నాకు బాగా నచ్చిన ఉపాయం ఏ కంపెనీదీ కాదు. బోరు ధార సన్నగా ఉంటే కాలువలో పారే నీళ్లు మడి చివరిదాకా పోకముందే ఇంకిపోతాయి. అందుకని కొందరు ఆ సన్న ధారను రోజంతా పాత మోట బావిలోకి వదులుతున్నారు. బావిలో నీళ్లు నిలవయ్యాక, అక్కడి నుంచి పెద్ద మోటరుతో ఒకేసారి తోడి పొలానికి పారిస్తారు. తాతల నాటి బావి ఇప్పుడు సంపు అయింది. సాఫ్ట్‌వేర్‌లో దీన్ని బఫర్ అంటాం. మా పక్క చేను కాకకు ఆ పదం తెలియదు, ఆయన దాన్ని కట్టి చాలా ఏళ్లైంది.

వరిలో తడి-పొడి పద్ధతి మేం నిరుడు మొదలుపెట్టాం. ఇది ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి. అడుగు పొడవు పీవీసీ పైపు ముక్కకు చుట్టూ బెజ్జాలు పెట్టి మడిలో పాతుతారు. పైన నీళ్లు ఆరిపోయినా, పైపులో నీటి మట్టం నేల కింద 15 సెంటీమీటర్లకు దిగేదాకా మళ్లీ తడి పెట్టక్కర్లేదు. పూత దశలో మాత్రం ఆరనివ్వకూడదు. వినడానికి ఈజీనే. కానీ మొదటిసారి మడిలో సన్నటి పగుళ్లు కనిపించగానే బాపు నేరుగా స్టార్టర్ దగ్గరికి నడిచాడు. "పొలంల నీళ్లు కనబడకుంటే పానం నిలుస్తలేదు బిడ్డా" అన్నాడు. పైపులోకి టార్చి వేసి లోపల మెరుస్తున్న నీళ్లు చూపించాక ఆగాడు.

ఇక డ్రిప్పు. సబ్సిడీ బాగానే ఉంటుంది, నీళ్లూ తక్కువ పడతాయి, మందు కూడా నీళ్లతోనే పోతుంది. పైపుల్ని ఎలుకలు, ఉడతలు కొరకడం, ఫిల్టర్ కడగకపోతే బెజ్జాలు మూసుకుపోవడం లాంటి తలనొప్పులు ఉంటాయి కానీ అలవాటైపోతాయి. అసలు చిక్కు వేరేచోట ఉంది. డ్రిప్పుతో మిగిలిన నీళ్లను ఎవరూ భూమిలో వదిలేయరు. ఎకరం కూరగాయలు వేసినవాడు ఎకరంన్నర వేస్తాడు. 2018లో 'సైన్స్' పత్రికలో కొందరు పరిశోధకులు ప్రపంచవ్యాప్తంగా ఇదే జరుగుతోందని రాశారు. పొలంలో నీళ్లు ఆదా అవుతాయి, ఊరి మొత్తానికి కావు. పాతకాలంలో మడి నుంచి తిరిగి ఇంకిన నీళ్లే పక్కోడి బోరుకు చేరేవి, డ్రిప్పులో ఆ ఇంకుడూ తగ్గుతుంది.

అలాగని డ్రిప్పు దండగ అనడం లేదు. రైతుకు ఆదాయం పెరిగితే అది మంచిదే. కానీ డ్రిప్పు పెట్టాం కాబట్టి నీళ్ల సమస్య తీరిందని ఊరంతా అనుకుంటే, రెండేళ్లకు అందరి మోటర్లూ ఆగి ఆగే పోస్తాయి.

తైబందీ తెలుసా?

మా నాయనమ్మ చిన్నప్పుడు ఊళ్లో నీళ్లంటే చెరువే. చెరువులో ఎన్ని నీళ్లున్నాయో కట్ట మీద నిలబడితే ఎవరికైనా కనిపిస్తాయి. వానకాలం వెళ్లాక నీళ్లు తక్కువున్నాయనుకోండి, ఆయకట్టు మొత్తానికి తాబి పంట వేయరు. ఈసారి ఇన్నెకరాలకే నీళ్లని ముందే తేల్చుకుంటారు. దాన్ని తైబందీ అంటారు. ఇప్పటికీ ప్రాజెక్టుల కింద యాసంగికి ముందు ఈ మాట పేపర్లో కనిపిస్తుంది. తూము తీసేది, మూసేది నీరటి. వంతు ప్రకారం నీళ్లు. ఆ చెరువు రోజులన్నీ బంగారమేం కాదు. తూము దగ్గరున్నవాడి మాట చెల్లేది, చివరి మడి వాడిది చెల్లేది కాదు. అయినా లెక్క మాత్రం అందరి కళ్లముందూ ఉండేది.

బోరు వచ్చాక నీళ్లు కంటికి కనిపించకుండా పోయాయి. తైబందీ ఎవరు చేయాలి, దేన్ని చూసి చేయాలి?

దీనికి జవాబు కోసం మన దగ్గరే ఒక పెద్ద ప్రయత్నం జరిగింది, మా జనరేషన్‌లో దాదాపు ఎవరికీ తెలియదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కరువు పీడించే ఏడు జిల్లాల్లో, అందులో నల్గొండ, మహబూబ్‌నగర్ కూడా ఉన్నాయి, 2003లో ఏపీఎఫ్ఏఎంజీఎస్ అనే ప్రాజెక్టు మొదలైంది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సాయంతో నడిచింది. రైతులు, అందులో ఆడవాళ్లు కూడా, వానను కొలిచే గిన్నె పెట్టుకుని వాన కొలిచారు. బోర్లలోకి తీగ వదిలి నీటి మట్టం కొలిచారు. డ్రమ్ము, స్టాప్‌వాచ్‌తో ధార కొలిచారు. నేను యూట్యూబ్ చూసి నేర్చుకున్నదాన్ని వాళ్లు నేను బడికి పోయే రోజుల్లోనే చేసేశారు! ఆ అంకెల్ని ఊరి గోడ మీద రాసేవాళ్లు. యాసంగికి ముందు అందరూ కూర్చుని, ఎంత ఇంకింది, ఎవరెవరు ఏం వేస్తామంటున్నారు, దానికెంత కావాలి, ఎంత తక్కువ పడుతుంది అని లెక్క తీసేవాళ్లు. దాని పేరు పంట నీటి బడ్జెట్.

ఇందులో నాకు బాగా నచ్చిన సంగతి, ఎవరినీ ఏమీ వద్దనలేదు. వరి వేయొద్దని రూలు లేదు, మానేస్తే డబ్బులిస్తామన్న ఆశా లేదు. లెక్క చూసుకుని ఎవరింటికి వాళ్లు పోయేవాళ్లు. చాలా చోట్ల రైతులు వాళ్లంతట వాళ్లే వరి తగ్గించి ఆరుతడి పంటల వైపు తిరిగారు. ప్రపంచ బ్యాంకు 2010లో ఇచ్చిన నివేదికలో దీన్ని ప్రత్యేకంగా మెచ్చుకుంది. తర్వాత ప్రాజెక్టు అయిపోయింది. జీతాలిచ్చే సిబ్బంది వెళ్లిపోయాక చాలా ఊళ్లలో కొలిచే అలవాటు కూడా మెల్లగా పోయింది. గోడ మీది అంకెల మీద సున్నం పడింది.

మహారాష్ట్రలోని హివ్రే బజార్‌లో మాత్రం ఏటా నీటి బడ్జెట్ వేయడం ఇప్పటికీ నడుస్తోంది. అక్కడ సాగుకు బోర్లు వద్దని ఊరే కట్టుబాటు పెట్టుకుంది. దాన్ని ముందుండి నడిపిన సర్పంచ్ పోపట్‌రావ్ పవార్‌కు పద్మశ్రీ కూడా వచ్చింది. మా దగ్గర ఇప్పటికే ఇంటికో బోరు ఉంది కాబట్టి ఆ కట్టుబాటు కుదరదు. కొలవడమైతే కుదురుతుంది.

ఆరు బోర్లు, ఒక గ్రూపు

2023 ఆగస్టు దేశంలో వందేళ్లకు పైగా ఎన్నడూ లేనంత ఎండు ఆగస్టు. ఆ తర్వాతి యాసంగిలో మా వైపు పొట్ట మీదున్న వరి ఎండిపోతే పశువులను వదిలి మేపారు. ఆ ఫొటోలు మీరూ చూసే ఉంటారు. ఆ ఏడు మా పక్క చేలలో కొత్తగా రెండు రిగ్గులు దిగాయి. రెండింట్లోనూ దుమ్మే.

దాని తర్వాతే మా చేను చుట్టూ ఉన్న ఆరు బోర్లవాళ్లం వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. నీళ్లు చాలక మూలన పడ్డ మా మూడో బోరు ఇప్పుడు కొలిచే బోరు అయింది. నెలకోసారి మూత తీసి జంట తీగ వదులుతాం. తీగ చివర నీటికి తగలగానే మల్టీమీటర్ ముల్లు కదులుతుంది. అడుగుల గుర్తులు తీగ మీదే వేసుకున్నాం. ఖర్చు వెయ్యి రూపాయల లోపే. కొలిచాక మూత మళ్లీ గట్టిగా బిగించాలి, ఊళ్లో చిన్నపిల్లలుంటారు.

ఇక్కడ కూడా ఒక అంకె ఉంది. మట్టం ఒక మీటరు దిగిందంటే ఎకరం కింద పోయిన నీళ్లు సుమారు 80,000 లీటర్లు. మా మోటరు రెండు రోజులకు తోడే నీళ్లవి. ఇది గ్రూపులో పెట్టినప్పుడు మామూలుగా గుడ్ మార్నింగ్ పువ్వులు పంపే పెద్దమనిషి మొదటిసారి ప్రశ్న అడిగాడు: "మరి మనం ఆరుగురం గదా?"

నిరుడు యాసంగికి మేం ఇరవై గుంటలు మాత్రమే వరి వేశాం, ఇంటి తిండికి. ఎకరంలో డ్రిప్పు మీద బీర, టమాట. మిగతాది వదిలేశాం. బోరు ఏప్రిల్ మొదటి వారం దాకా ఆగకుండా పోసింది. టమాటకు ధర రాలేదు, బీర కొంత ఆదుకుంది. ఆరుగురిలో నలుగురు వరి తగ్గించారు. ఒకాయన కౌలుకు చేస్తున్నాడు, కౌలు కట్టాలంటే వరి తప్పదన్నాడు. ఆయన్ని ఎవరూ ఏమీ అనలేదు.

ఆరో బోరు మా కాకది, మా అందరికంటే లోతైనది. నెల నెలా అంకెలు చూస్తాడు, బొటనవేలి గుర్తు పెడతాడు. తన ధార ఎంతో మాత్రం ఇంతవరకూ కొలవనివ్వలేదు. ఈ అక్టోబరులో డ్రమ్ము పట్టుకుని మళ్లీ పోవాలి. బాపు కూడా వస్తానన్నాడు. ఉత్త చేతులతో పోవద్దని, పోయేటప్పుడు రెండు కిలోల బీరకాయలు తీసుకోమన్నాడు.